లాగోస్ నుంచి విదేశీ చదువుకు: వీసా నాటి సొమ్ము కంటే రెండో వాయిదా నాటి సొమ్ము ముఖ్యం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరు లాగోస్‌లో మందుల పంపిణీ సంస్థలో మేనేజరుగా పనిచేస్తున్నారు. మీ దగ్గర పనిచేసే 31 ఏళ్ల నైజీరియా సహోద్యోగి ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో హెచ్‌ఎన్‌డీ (పాలిటెక్నిక్‌లలో ఇచ్చే ఉన్నత డిప్లొమా) పూర్తి చేశారు. ఆయన భార్య నర్సు. వారికి మూడేళ్ల పాప ఉంది. ముగ్గురూ కలిసి బ్రిటన్‌కు, అది కుదరకపోతే కెనడాకు వెళ్లాలన్నది వారి ఆలోచన. ఖాతాలో చూపించవలసిన మొత్తానికి తక్కువ పడే సొమ్మును మీరు 28 రోజుల పాటు ఆయన ఖాతాలో వేసి ఉంచవచ్చా అనీ, హైదరాబాదులో చదివించడం మేలా అనీ కూడా అడిగారు. ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయపు ప్రవేశాల విభాగంలో ఉండి పశ్చిమాఫ్రికా నుంచి వచ్చే దరఖాస్తులను చాలాకాలం పరిశీలించిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను. ఇందులోని రుసుములు, నియమాలు 2026 ఆరంభం నాటివి. ఇవి ఏటా, కొన్నిసార్లు ఏడాదిలో రెండుసార్లు కూడా మారుతున్నాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో మరోసారి సరిచూసుకోవాలి.

ముందుగా ఒక మాట. మన పిల్లలకు అమీర్‌పేట కన్సల్టెన్సీలు చెప్పే పద్ధతిని ఆయనకు యథాతథంగా చెప్పకండి. మన విద్యార్థి వెనుక సాధారణంగా ఒక బ్యాంకు విద్యారుణం ఉంటుంది. ఇల్లో పొలమో హామీ పెడితే బ్యాంకు ఇచ్చే రుణ మంజూరు పత్రమే వీసా అధికారికి ఆధారమవుతుంది. నైజీరియాలో అటువంటి ఏర్పాటు దాదాపు లేదనే చెప్పాలి. అక్కడి కేంద్ర బ్యాంకు కీలక వడ్డీరేటు 2024 నవంబరు నుంచి దాదాపు ఏడాది పాటు 27.5 శాతం దగ్గర ఉండిపోయింది; బ్యాంకు అప్పు దానికంటే ప్రియం. అందువల్ల అక్కడి కుటుంబాలు జీతం పొదుపు మీద, బంధువుల సాయం మీద, మన చీటీలను పోలిన ‘అజో’ల మీద, అవసరమైతే కారో స్థలమో అమ్మిన డబ్బు మీద ఆధారపడతాయి. పైగా ఆ డబ్బంతా నైరాలలో ఉంటుంది. అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే.

2023 జూన్‌లో కొత్త ప్రభుత్వం రాగానే కేంద్ర బ్యాంకు నైరా మారకపు రేటును మార్కెట్‌కు వదిలివేసింది. అంతకు ముందు అధికారిక లెక్కలో డాలరుకు సుమారు 460 నైరాలు ఉండేవి. 2024లో అది 1,500 దాటింది. పాత లెక్కతో బయలుదేరిన విద్యార్థులు, మొదటి వాయిదా కట్టి తరగతులలో చేరినవారు, రెండో వాయిదా కట్టే సమయానికి అదే రుసుముకు రెండింతలకు పైగా నైరాలు వెతుక్కోవలసి వచ్చింది. ఉత్తర ఇంగ్లండులోని టీస్‌సైడ్ విశ్వవిద్యాలయంలో రుసుము బకాయి పడిన కొందరు నైజీరియా విద్యార్థులను కోర్సు నుంచి తొలగించడం, వారు దేశం విడిచి వెళ్లవలసిందని హోం శాఖ నుంచి ఉత్తర్వులు రావడం 2024 మే నెలలో బీబీసీ వార్త అయింది. వీసా సంపాదించి, ప్రయాణమై, చలికోట్లు కొనుక్కొని, తరగతులకు హాజరైన తరవాత జరిగిన సంగతి అది. అందుకే మీ సహోద్యోగి విషయంలో నా మొదటి ప్రశ్న ‘వీసాకు చూపించడానికి ఎంత ఉంది’ అన్నది కాదు. ‘చేరిన నాలుగో నెలలో కట్టడానికి ఎంత ఉంటుంది, అది ఏ కరెన్సీలో ఉంటుంది’ అన్నది.

బ్రిటన్ లెక్క ఒకసారి వేసి చూద్దాం. లండన్ వెలుపల ఒక విశ్వవిద్యాలయంలో ఏడాది మాస్టర్స్ రుసుము 15,000 పౌండ్లనీ, అందులో 5,000 ముందస్తుగా కట్టారనీ అనుకుందాం. 2025 నవంబరు 11 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం జీవనవ్యయం కింద లండన్ వెలుపల నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,539 పౌండ్లు చూపించాలి. లండన్‌లో అయితే నెలకు 1,529. మిగిలిన రుసుముతో కలిపితే ఖాతాలో 20,539 పౌండ్లు ఉండాలి. దీనికి తోడు వీసా రుసుము 524 పౌండ్లు, వైద్య సేవల సర్‌చార్జి ఏడాదికి 776 చొప్పున, ఏడాది కోర్సు తరవాతి నెలలను కూడా లెక్కించి సాధారణంగా ఏడాదిన్నరకు 1,164. పౌండు సుమారు 2,000 నైరాలు అనుకుంటే ఖాతాలో చూపవలసినదే నాలుగు కోట్ల పది లక్షల నైరాలు. 2024 జూలైలో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 70,000 నైరాలన్నది గుర్తుంచుకుంటే, ఇది ఒక కనీస వేతన కార్మికుడి దాదాపు 49 ఏళ్ల జీతం. మీ సహోద్యోగి జీతం అంతకంటే చాలా మెరుగు కావచ్చు గానీ, ఆ మొత్తం ఏ స్థాయిదో ఈ పోలిక వల్ల మీకు తెలుస్తుంది.

ఆ సొమ్ము వరుసగా 28 రోజులు, ఒక్క రోజైనా తగ్గకుండా, ఖాతాలో ఉండాలి. ఆ 28 రోజులు ముగిసిన తేదీ దరఖాస్తు తేదీకి 31 రోజుల లోపు ఉండాలి. నైరాలలో ఉన్న నిల్వను హోం శాఖ ఒవాండా అనే కరెన్సీ వెబ్‌సైట్ రేటు ప్రకారం పౌండ్లలోకి మార్చి చూస్తుంది. లెక్క సరిగ్గా సరిపోయేలా నైరాలు ఉంచుకొన్నవారు, దరఖాస్తు చేసే రోజున రేటు కాస్త కదలగానే కొద్ది పౌండ్ల తేడాతో తిరస్కరణకు గురి కావచ్చు. దీనికి నైజీరియా బ్యాంకులలోనే తేలికైన మార్గం ఉంది: పౌండ్లలో గానీ డాలర్లలో గానీ డామిసిలరీ ఖాతా తెరిచి సొమ్మును అందులో నిలపడం. ఇంకా మేలైనది, వీలైతే రుసుమునంతా ముందే కట్టివేసి, చెల్లించిన మొత్తాన్ని విశ్వవిద్యాలయం వీసా కోసం జారీ చేసే ప్రవేశ నిర్ధారణ పత్రంలో (క్యాస్) నమోదు చేయించుకోవడం. అప్పుడు మారకపు రేటు ఎటు పోయినా చదువుకు ముప్పు ఉండదు. రుసుము పంపడానికి బ్యాంకు ద్వారా ‘ఫారం ఏ’ దాఖలు చేసే పద్ధతి ఉంది. అది నిదానంగా నడుస్తుంది కాబట్టి విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువుకు చాలా ముందే మొదలుపెట్టాలి. వీసా రాకపోతే ఆ డబ్బు ఎంత తిరిగి వస్తుందో, ఎన్ని వారాలలో వస్తుందో తెలిపే నిబంధనను చదవకుండా మాత్రం ఒక్క పౌండు కూడా పంపవద్దని చెప్పండి.

ఇప్పుడు మీరు 28 రోజులు డబ్బు వేసి ఉంచడం గురించి. వద్దు. మీ మంచి మనసును నేను శంకించడం లేదు, కానీ ఈ ఏర్పాటు మూడు విధాల చెడ్డది. బ్రిటన్ విద్యార్థి వీసాకు డబ్బు దరఖాస్తుదారు పేరు మీదో, తల్లిదండ్రుల పేరు మీదో ఉండాలి. తల్లిదండ్రులదైతే జనన ధ్రువపత్రమూ సమ్మతి లేఖా జతచేయాలి. నైజీరియాలో మేనమామ, అన్న, చర్చి పెద్ద కలిసి ఒకరిని చదివించడం సర్వసాధారణమే అయినా, వారి ఖాతాలు ఇక్కడ చెల్లవు. స్వదేశంలోనే ఉండిపోయే భార్య సొంత ఖాతా మీద కూడా ఆధారపడవద్దు, ఉమ్మడి ఖాతా అయితే చిక్కు లేదు. అప్పు విషయానికి వస్తే ప్రభుత్వ రుణమో, నియంత్రణలో ఉన్న ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యారుణమో అయి ఉండాలి. స్నేహితుడి చేబదులు ఆ లెక్కలోకి రాదు. చేబదులును సొంత సొమ్ముగా చూపితే అది తప్పుడు సమాచారం ఇవ్వడమే అవుతుంది. మోసమని తేలితే పదేళ్ల వరకు బ్రిటన్ వీసాలు తిరస్కరించే అవకాశం ఉంది, ఆ తిరస్కరణ సంగతి ఇతర దేశాల దరఖాస్తులలో కూడా చెప్పవలసి వస్తుంది. లాగోస్‌లో వడ్డీకి ఖాతా నింపిపెట్టే వ్యాపారులు ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. మీరు వడ్డీ తీసుకోకపోవచ్చు గానీ కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఈ నియమాలన్నీ పక్కన పెట్టినా, 29వ రోజున మీరు ఆ సొమ్ము వెనక్కి తీసుకుంటే ఆయన జనవరి వాయిదా ఎలా కడతారు? వారానికి 20 గంటలకు మించి పనిచేయరాదన్న షరతు మీద సంపాదించేది గది అద్దెకు, తిండికి సరిపోతే గొప్ప. మీరు నిజంగా సాయం చేయదలిస్తే, తిరిగి అడగని కానుకగా, మీకు భారం కానంత మేరకే ఇవ్వండి. ఇచ్చినట్టు ఒక లేఖ కూడా రాసి ఇవ్వండి.

కుటుంబం సంగతి దీనికంటే ముఖ్యమైనది, బహుశా వారికి ఇంకా ఎవరూ సూటిగా చెప్పనిది. 2024 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో తరగతుల ద్వారా బోధించే మాస్టర్స్ కోర్సులలో చేరేవారు భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లడానికి వీలు లేదు. పరిశోధన ప్రధానమైన ఉన్నత కోర్సులవారికి, ప్రభుత్వ ఉపకార వేతనంతో వెళ్లేవారికి మాత్రమే మినహాయింపు ఉంది. ఈ నియమం అందరికీ వర్తించినా దెబ్బ ఎక్కువగా పడింది నైజీరియావారి మీదే; ఎందుకంటే అంతకు ముందు సంవత్సరాలలో కుటుంబంతో వచ్చే విద్యార్థులలో వారే ముందుండేవారు. ముప్పై దాటి, పెళ్లై, ఉద్యోగంలో స్థిరపడ్డాక చదువు పేరుతో ఇంటిల్లిపాదీ తరలిపోవడమే వారు ‘జపా’ అని పిలుచుకునే వలస ప్రణాళికకు ఆయువుపట్టు. ఆ దారి మూసుకుపోయింది. అయినా కుటుంబాన్ని తరవాత పిలిపించుకోవచ్చని చెప్పే ఏజెంట్లు ఇప్పటికీ ఉన్నారు.

తరవాత అంటే ఏమిటో చూడండి. చదువు పూర్తయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి, పీహెచ్‌డీవారిని మినహాయించి, 18 నెలలే. 2026 సెప్టెంబరులో చేరితే ఆయన ఈ కొత్త గడువులోకే వస్తారు. ఆ తరవాత స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ వేతన పరిమితి 2025 జూలై 22 నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవారి వంటి కొన్ని వర్గాలకు 33,400. ఉద్యోగం డిగ్రీ స్థాయిది అయి ఉండాలి. స్థిరనివాసానికి పట్టే కాలాన్ని సాధారణంగా అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెంచాలన్న ప్రతిపాదనను ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించింది. ఇవన్నీ కలిపి చూస్తే, ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో గట్టి కోర్సు, గట్టి ఉద్యోగం దొరికితే తప్ప బ్రిటన్ మాస్టర్స్‌ను వలస మార్గంగా లెక్కవేసుకోవడం ఇక సరికాదన్నది నా అభిప్రాయం. చదువు కోసమే చదువుకునేవారి సంగతి వేరు.

ఈ కుటుంబంలో ముందు నిలబెట్టవలసింది భర్తను కాదేమో ఆలోచించండి. భార్య నర్సు అని మీరు ప్రశ్నలో మధ్యలో ఎక్కడో చెప్పి వదిలేశారు. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటే విలువైన సమాచారం అదే. బ్రిటన్ హెల్త్ అండ్ కేర్ వీసా మీద నర్సుగా వెళ్లేవారు ఇప్పటికీ భర్తను, పిల్లలను వెంట తీసుకువెళ్లవచ్చు. వైద్య సర్‌చార్జి కట్టనక్కరలేదు. వెంట వచ్చిన భర్త దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. అయితే నర్సు వేరు, కేర్ వర్కర్ వేరు. కేర్ వర్కర్లు కుటుంబాన్ని తీసుకురావడాన్ని 2024 మార్చి 11 నుంచి ఆపివేశారు, విదేశాల నుంచి వారిని నియమించుకోవడాన్నే 2025 జూలై 22 నుంచి ఆపివేశారు. ఇంకా ఇప్పుడు ఎవరైనా లాగోస్‌లో కేర్ హోం స్పాన్సర్‌షిప్ పత్రం అమ్ముతామని ఇన్ని లక్షల నైరాలు అడిగితే, అది నిస్సందేహంగా మోసం.

ఆమె చేయవలసిన పనులు చాలానే ఉన్నాయి. నైజీరియా నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2024లో తెచ్చిన నియమం ప్రకారం, రిజిస్ట్రేషన్ తరవాత రెండేళ్ల అనుభవం ఉంటేనే విదేశీ కౌన్సిళ్లకు ధ్రువీకరణ పంపుతుంది. ముందు ఆమెకు అది పూర్తయిందో లేదో చూసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్, ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షలలో ఏదో ఒకదానిలో బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ కోరిన స్కోరు, కంప్యూటర్ మీద రాసే పరీక్ష, బ్రిటన్ చేరాక ఓస్కీ అనే ప్రయోగ పరీక్ష ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య సిబ్బంది కొరత ఉన్న దేశాల జాబితాలో నైజీరియాను చేర్చినందువల్ల, బ్రిటన్ ఆసుపత్రులు గానీ ఏజెన్సీలు గానీ అక్కడికి వచ్చి నియామకాలు చేయకూడదు. కానీ నర్సు తనంతట తాను ఖాళీ చూసి నేరుగా దరఖాస్తు చేసుకోవడానికి ఆటంకం లేదు. ఈ తేడా తెలియక చాలామంది తమకు దారే లేదనుకుంటారు. 2022, 2023 నాటి జోరు ఇప్పుడు లేదన్న మాట నిజమే, ఆసుపత్రులు విదేశీ నియామకాలు బాగా తగ్గించాయి. అయినా ఈ దారిలో కోట్ల నైరాలు ముందే పోయవలసిన పని లేదు; ఇంగ్లీషు పరీక్షతో, రిజిస్ట్రేషన్‌తో మొదలుపెడితే అవి వేరే దేశాలకు కూడా కొంతవరకు పనికివస్తాయి.

కాగితాల విషయంలో నైజీరియా దరఖాస్తులు ఎక్కడ చిక్కుకుంటాయో నేను దగ్గరగా చూశాను. మొదటిది ట్రాన్స్‌క్రిప్ట్. కెనడాకు కావలసిన డబ్ల్యూఈఎస్ (విదేశీ విద్యార్హతలను లెక్కగట్టే సంస్థ) మూల్యాంకనానికి మార్కుల పత్రం సంస్థ నుంచి నేరుగా వెళ్లాలి. విద్యార్థి చేతికిచ్చిన ప్రతి చెల్లదు. చాలా సంస్థలలో పాత రికార్డులు ఇంకా కట్టల రూపంలోనే ఉంటాయి. రుసుము కట్టిన రసీదు పట్టుకొని రిజిస్ట్రీ కిటికీ దగ్గర ఎవరో ఒకరు పదేపదే నిలబడితే గాని కాగితం కదలదు. ఆయన చదివింది వేరే ఊళ్లో అయితే నమ్మకమైన మిత్రుడికి అధికార పత్రం రాసిచ్చి పంపమనండి. కోర్సుల ఎంపిక, దేశపు ఎంపిక అన్నీ ఆ తరవాతే. ట్రాన్స్‌క్రిప్ట్ దరఖాస్తు మాత్రం ఈ వారమే పెట్టాలి.

రెండోది హెచ్‌ఎన్‌డీ. నైజీరియాలోనే బీఎస్సీవారికీ హెచ్‌ఎన్‌డీవారికీ మధ్య ఉద్యోగాలలో చూపే వివక్ష పెద్ద వివాదం. విదేశాలలో దీనిని చాలాచోట్ల బ్యాచిలర్ డిగ్రీకి సమానంగా లెక్కించరు. బ్రిటన్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు అప్పర్ క్రెడిట్ (హెచ్‌ఎన్‌డీలో పై శ్రేణి) వచ్చినవారిని ఉద్యోగానుభవం చూసి నేరుగా మాస్టర్స్‌లో చేర్చుకుంటాయి, కొన్ని ముందు పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా చేసి రమ్మంటాయి, కొన్ని అసలు తీసుకోవు. ఆయనది అప్పర్ క్రెడిట్టో లోయర్ క్రెడిట్టో మీరు రాయలేదు. లోయర్ అయితే స్వదేశంలో ఒక విశ్వవిద్యాలయంలో పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా చేయడం వల్ల ఏడాది పోయినా తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. దానితోపాటు ఎన్‌వైఎస్‌సీ అనే జాతీయ యువజన సేవా పథకంలో ఏడాది సేవ ముగించినట్టు ధ్రువపత్రం తీసి పెట్టుకోవాలి. 1973 నుంచి నడుస్తున్న ఆ పథకపు కాగితం లేకపోతే చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఏడాది ఖాళీ ఎందుకు కనిపిస్తోందో వివరించడం కష్టం. విశ్వవిద్యాలయాలలో చదివిన వారి మిత్రులెవరైనా ఇదే ప్రయత్నంలో ఉంటే, 2022లో ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా ఎనిమిది నెలలు సాగిన అధ్యాపకుల సమ్మె వంటి కారణాల వల్ల డిగ్రీ ఆలస్యమైందని లేఖలో స్పష్టంగా రాయమనండి. విదేశీ అధికారికి ఆ సంగతి తనంతట తెలియదు.

మూడోది పేర్లు. ఇంటిపేరు విస్తరించి రాయించుకోవడానికి మనం పాస్‌పోర్టు కార్యాలయాల చుట్టూ తిరిగే తిప్పలు తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక యొరుబా వ్యక్తికి ఇంట్లో పెట్టిన పేరు, చర్చిలోనో మసీదులోనో పెట్టిన పేరు, వంశం పేరు ఉంటాయి. వాయెక్ (పాఠశాల చివరి పరీక్ష) ధ్రువపత్రంలో ఒక వరుస, జాతీయ గుర్తింపు సంఖ్యలో మరో వరుస, పాస్‌పోర్టులో రెండే పేర్లు కనిపిస్తాయి. పెళ్లి తరవాత ఆమె పేరు మారి ఉంటే కోర్టు అఫిడవిట్టు, పత్రికలో ప్రకటన రెండూ ఉండాలి. పాస్‌పోర్టు కొత్తగా తీసుకునే ముందే గుర్తింపు సంఖ్య వివరాలు సరిచేయించుకోవాలి, ఎందుకంటే 2025 సెప్టెంబరు నుంచి అయిదేళ్ల పాస్‌పోర్టు లక్ష నైరాలు, పదేళ్లది రెండు లక్షలు. తప్పుతో తీసి మళ్లీ తీయడం ఖరీదైన పని. సంప్రదాయ వివాహం మాత్రమే జరిగి ఉంటే, లాగోస్‌లో ఇకోయి రిజిస్ట్రీ వంటి చోట చట్టప్రకారం నమోదు చేయించుకోవడం మంచిది. పాపకు జాతీయ జనాభా కమిషన్ ఇచ్చే జనన ధ్రువపత్రం ఉండాలి.

ఇంగ్లీషు విషయంలో ఒక విచిత్రం ఉంది. నైజీరియా అధికార భాష ఇంగ్లీషే అయినా, ఇంగ్లీషు పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చే దేశాల జాబితాలో బ్రిటన్ దానిని చేర్చలేదు. అయితే డిగ్రీ స్థాయి కోర్సులకు విశ్వవిద్యాలయం తానే నిర్ణయించుకోవచ్చు కాబట్టి, వాయెక్ ఇంగ్లీషులో సీ6 లేదా అంతకంటే మంచి గ్రేడు ఉంటే చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. క్షయ పరీక్ష మాత్రం తప్పదు. బ్రిటన్ ప్రభుత్వం ఆమోదించిన కేంద్రంలో చేయించుకోవాలి, ఆ ధ్రువపత్రం ఆరు నెలలు చెల్లుతుంది.

కెనడా విషయంలో వారి పాత సమాచారాన్ని సరిదిద్దండి. నైజీరియావారి కోసం ప్రత్యేకంగా నడిచిన వేగవంతమైన విద్యార్థి పథకాన్ని 2024 నవంబరు 8న రద్దు చేశారు. ఒక్కరికి జీవనవ్యయం కింద చూపవలసిన మొత్తం 2025 సెప్టెంబరు నుంచి 22,895 కెనడా డాలర్లు. రుసుము, ప్రయాణం, కుటుంబ సభ్యుల ఖర్చు దానికి అదనం. 2024లో వచ్చిన రాష్ట్ర ధ్రువీకరణ లేఖ నిబంధన నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మాస్టర్స్ విద్యార్థులకు 2026 జనవరి నుంచి మినహాయింపు దొరికింది. ఈ కుటుంబానికి ముఖ్యమైనది వేరే: 2025 జనవరి 21 నుంచి, విద్యార్థి చేరిన మాస్టర్స్ కోర్సు కనీసం 16 నెలలది అయితేనే జీవిత భాగస్వామికి పని అనుమతి ఇస్తారు. కాబట్టి ఏడాది కోర్సు చవకగా దొరికిందని సంతోషించకూడదు. కెనడాలో బంధువుల సాయాన్ని కూడా, సంబంధం వివరించి, సొమ్ము ఎక్కడిదో చూపితే పరిగణిస్తారు. అజో సొమ్ము ఒకేసారి పెద్ద మొత్తంగా జమ అయితే ఆ గుంపు లెక్కల కాగితం ఉంచుకోవాలి. అధికారి మనసులోని ప్రశ్న ఒకటే: 31 ఏళ్ల ఉద్యోగి ఈ కోర్సు ఎందుకు చదవాలి? అప్పటిదాకా చేసిన పనికీ ఆ కోర్సుకూ సంబంధం లేకపోతే ఎంత డబ్బున్నా తిరస్కరిస్తారు. చదువు లేకుండా నేరుగా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పాయింట్ల ఆధారిత వలస పథకంలో పేరు నమోదు చేసుకోవడం కూడా చూడవచ్చు. 30వ ఏట నుంచి వయసుకు ఇచ్చే పాయింట్లు ఏటా తగ్గుతాయి కాబట్టి ఆలస్యం మంచిది కాదు, భార్యను ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టి కూడా లెక్క కట్టి చూడాలి.

అమెరికా గురించి ఎక్కువ రాయను. 2025 డిసెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటనతో, 2026 జనవరి 1 నుంచి నైజీరియా పౌరులకు విద్యార్థి వీసాలు, వలస వీసాలు రెండూ నిలిచిపోయాయి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో రుసుము లేదు, ఏడాదికి 11,904 యూరోలు నెలకు కొంత మాత్రమే తీసుకోగల నిరోధిత ఖాతాలో వేస్తే చాలు. కానీ హెచ్‌ఎన్‌డీతో మాస్టర్స్ ప్రవేశం కష్టం. హైదరాబాదు మాట అడిగారు: ఉస్మానియాలో ఆఫ్రికా విద్యార్థులు చాలాకాలంగా చదువుతున్నారు, భారత ప్రభుత్వపు ఐసీసీఆర్ ఉపకార వేతనం దొరికితే ఖర్చు నామమాత్రం. అయితే మన దేశపు విద్యార్థి వీసా మీద ఉద్యోగం చేయడానికి వీలు లేదు, చదువు తరవాత స్థిరపడే దారీ లేదు. కుటుంబంతో వలస వెళ్లాలన్న కోరికకు అది జవాబు కాదు.

ఏజెంటు విషయంలో ఒక్క సంగతి తెలిస్తే చాలు. విద్యార్థి దగ్గర రుసుము తీసుకోని ఏజెంటుకు విశ్వవిద్యాలయం కమిషన్ ఇస్తుంది; తనకు కమిషన్ ఇచ్చే సంస్థలనే అతను చూపిస్తాడు. అందులో తప్పు లేదు గానీ, అతను చూపని సంస్థలు కూడా ఉన్నాయని గుర్తుంచుకోవాలి. దరఖాస్తు ఖాతా పాస్‌వర్డు, ఈమెయిలు మాత్రం మీ సహోద్యోగి చేతిలోనే ఉండాలి. తన పేరుతో ఏ కాగితం అప్‌లోడ్ అయిందో తెలియని దరఖాస్తుదారుడు, అది నకిలీదని తేలిన రోజున తనకు తెలియదని చెప్పినా ప్రయోజనం ఉండదు.

మేనేజరుగా మీరు చేయగల సాయం డబ్బు కంటే వేరే చోట ఉంది. సంస్థ లెటర్‌హెడ్ మీద ఆయనకు అనుభవ ధ్రువపత్రం రాసి ఇవ్వండి. చేరిన తేదీ, పదవి, వారానికి పనిగంటలు, ఏటా జీతం, ఇతర సదుపాయాలు, ఆయన నిజంగా చేసే పనుల వివరం అయిదారు వాక్యాలలో ఉండాలి. కింద మీ పేరు, హోదా, సంస్థ ఈమెయిలు, ఫోను ఉండాలి, ఎవరైనా ఫోను చేస్తే ఆ వివరాలే చెప్పే వ్యక్తి ఎత్తాలి. లేఖలో రాసిన జీతం, బ్యాంకు స్టేట్‌మెంటులో నెలనెలా పడే జీతం ఒకటే కావాలి. మీ దగ్గర కొంత భాగం నగదుగా ఇచ్చే అలవాటు ఉంటే ఈ నెల నుంచే మొత్తం బ్యాంకు ద్వారా వేయించండి, ఎందుకంటే వచ్చే ఆరు నెలల స్టేట్‌మెంటే రేపు దరఖాస్తులో ఆయన తరఫున మాట్లాడుతుంది.